రాజవ్వ దుంకనన్న రోజులు

మా ఇంట్లో దయ్యాలకు చోటు ఉండేది కాదు. మా నాన్న సిరిసిల్ల నుంచి వచ్చి అమీర్‌పేటలో టైలరు షాపు పెట్టుకున్న మనిషి. షాపు వెనక గోడకు అవతల పాత సమాధులుండేవి. ఎవరైనా ఆ మాట ఎత్తి భయపెట్టబోతే, "బతికున్నోళ్లకే టైముకు కుట్టియ్యలేక సస్తున్న, సచ్చినోళ్లతోటి నాకేం పని?" అనేవాడు. నేనూ ఆయన కూతుర్నే. పక్కన ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే మధ్యలో లేచి టీ పెట్టడానికి వెళ్లే రకం.

ఇప్పుడు నేను చెప్పబోయే దాంట్లో వినిపించిన గొంతు చచ్చిపోయిన మనిషిది కాదు. అందుకే దీన్ని ఏమనాలో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. టైములన్నీ నా నోట్‌బుక్‌లో ఉన్నాయి.

నేను సినిమాలకు మాటలు రాస్తాను. చాలా ఏళ్లు వేరేవాళ్ల పేరు కింద రాశాను. మొదటిసారి నా పేరు తెర మీద పడుతుందన్న సినిమా ఇది. దర్శకుడు వాసు గారు గుంటూరు వైపు మనిషి. యాభై దాటాక దొరికిన రెండో అవకాశం ఆయనకిది. ఒక పాత చారిత్రక నాటకాన్ని సినిమాగా తీయాలని ఆయన కోరిక. ఆ నాటకం పేరు 'రాజవ్వ దివిటీ'. రాసింది నరహరి సార్ అనే బడిపంతులు. ఆయన పోయి చాలా కాలమైంది. హక్కులు ఆయన కొడుకు ఇచ్చాడు, దాంతోపాటు అంచులు పొడిగా రాలిపోతున్న ఒక అచ్చు ప్రతి కూడా ఇచ్చాడు.

కథ గోల్కొండ ముట్టడి నాటిది. రాజవ్వ కోట గోడ మీద దివిటీలు వెలిగించే మనిషి. ఆమె భర్త ఒక దర్వాజా కాపలాదారు. నెలల తరబడి ముట్టడి, లోపల తిండి లేదు. చివరికి భర్త శత్రువుల దగ్గర లంచం తిని తలుపు గడియ తీస్తాడు. ఆ సంగతి తెలిసి రాజవ్వ చేతిలో దివిటీతో గోడ మీదికెక్కి, "ద్రోహి చేతి కూడు తిన్న ఈ దేహము నాకు వలదు!" అని కిందికి దూకుతుంది. ఊరూరా ఆడినన్నాళ్లు ఆ దూకడానికి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టేవారట.

ఆ దూకే సీను నేను సినిమాకు తిరగరాశాను. నా జీవితంలో బాగా రాసిన సీను అదేనని నాకు గర్వం. నిర్మాత సినిమా ఒప్పుకున్నది కూడా అది చదివే.

రిహార్సల్స్‌కి అమీర్‌పేటలో ఒక హాలు అద్దెకు తీసుకున్నాం. మూడో అంతస్తు. అంతకుముందు అక్కడ కంప్యూటర్ కోచింగ్ సెంటరు ఉండేది. గోడ మీది తెల్లబోర్డు ఎంత తుడిచినా ఎవరో చెప్పిన పాఠం లీలగా కనబడుతూనే ఉండేది. హాలుకు అడ్డంగా ఒక లేత పసుపు కర్టెను, దాని వెనక పాత కుర్చీలు, ఒక మూసిన కిటికీ. అంతే.

సాయంత్రం నాలుగైతే రోడ్డు వైపు కిటికీలోంచి ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చేది. కిటికీకి సమానంగా మెట్రో రైలు వెళ్లేది. వెళ్లినప్పుడల్లా పెట్టెల నీడలు కర్టెను మీద ఒకదాని వెంట ఒకటి జారిపోయేవి. కింద రోడ్డు మీద అంత రొద ఉన్నా, ఆ నీడలు జారుతున్నంతసేపు హాలంతా నీళ్ల అడుగున ఉన్నట్టు అనిపించేది. మాట్లాడుతున్నవాళ్లం కూడా ఎందుకో గొంతు తగ్గించేవాళ్లం.

రాజవ్వ వేషానికి రుబీనా అనే అమ్మాయిని తీసుకున్నాం. ఇరవై నాలుగేళ్లు, మాసబ్ ట్యాంక్ దగ్గర ఇల్లు. నాటకాల్లో చేసిన పిల్ల. ఆ వారం వాసు గారు లొకేషన్లు చూడటానికి తిరుగుతున్నారు. హాల్లో నేనూ, రుబీనా మాత్రమే ఉండేవాళ్లం. నేను స్క్రిప్టు పట్టుకుని ఎదురుగా కూర్చునేదాన్ని.

సోమవారం దూకే సీను మొదలుపెట్టాం. రుబీనా ఒక బల్ల మీదికెక్కి, దివిటీకి బదులు ఒక చీపురు పట్టుకుంది. కళ్లు మూసుకుని ఊపిరి తీసుకుంది. దూకే ముందు ఆమె అనాల్సిన మాట కోసం నేను ఎదురు చూస్తున్నాను.

"దుంకను" అంది.

దూకే సీనులో దూకనంటోందని నేను నవ్వాను. "ఏంది?"

ఆమె కళ్లు తెరిచి కర్టెను వైపు తిరిగి చూసింది. "అక్కా, ఎనక ఎవరన్న ఉన్నరా? ఎవలో మాట అందించిండ్రు. నోటికొచ్చేసింది."

నాటకాల్లో అలవాటైన వాళ్లకు అది సహజమే. పక్క తెర దగ్గర నిలబడి ఒక మనిషి, నటులు మాట మరిచిపోతే మెల్లగా అందిస్తుంటాడు. ప్రాంప్టర్ అంటారు. ఆ గొంతు చెవిన పడిందంటే ఆలోచన లేకుండా నోరు పలికేస్తుంది. కానీ మా దగ్గర ప్రాంప్టర్ లేడు. వెళ్లి కర్టెను తీసి చూశాను. కుర్చీలు, దుమ్ము. టైము చూశాను. నాలుగూ పన్నెండు.

మంగళవారం అదే చోట మళ్లీ ఆగింది. ఈసారి తల కొంచెం పక్కకు వంచి, వింటున్నట్టు, మెల్లగా అంది: "కాళ్లు వణుకుతున్నయ్. పౌరుషంతోటి కాదు, ఆకలితోటి."

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే కోపం కన్నా ముందు ఈర్ష్య వచ్చింది. ఆ రెండు ముక్కల ముందు నేను రాసిన మూడు పేజీలు వెలవెలబోయాయి.

"రుబీనా, సీను నచ్చకపోతే నాకు చెప్పు. నువ్వు మాటలు అల్లి, ఎవలో అందిస్తున్నరని నాటకమాడకు."

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. "నాకు గట్ల రాసుడొస్తే నేను యాక్టింగ్ ఎందుకు చేస్త అక్కా? అమ్మీ కసమ్, నేను అల్లలే" అంది. బల్ల దిగి, బ్యాగు తీసుకుని, కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయింది.

రాత్రి ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. అడిగాను గానీ నమ్మలేదు.

బుధవారం ఆమెను ఎప్పటిలాగే బల్ల ఎక్కమని, నేను వెళ్లి కర్టెను వెనక కుర్చీలో కూర్చున్నాను. అక్కడ నేను తప్ప ఎవరూ లేరని ఆమెకు చూపించడం నా ఉద్దేశం. నాకు ఎడమవైపు ఒక ఖాళీ కుర్చీ ఉంది. ఎండ పసుపుపచ్చగా కర్టెను గుండా పడుతోంది. రైలు పోయింది. నీడలు జారాయి. వాటిని చూస్తూంటే కళ్లు బరువెక్కాయి. చిన్నప్పుడు మా నాన్న మిషను కింద గుడ్డముక్కల మీద పడుకుని ఆ చప్పుడుకు నిద్రపోయేదాన్ని. అలాంటి మగతే వచ్చింది.

అప్పుడు నా పక్క కుర్చీలోంచి ఎవరో ఊపిరి తీసుకున్నారు.

మాట్లాడబోయే ముందు తీసుకునే చిన్న ఊపిరి. ఆ వెంటనే గుసగుస, మగ గొంతు, వయసు మళ్లినది. తొందర లేదు. ఒక్కో మాటా జాగ్రత్తగా చేతిలో పెట్టినట్టు.

"గడియ తీసింది నా మొగడు కాదు. నేనే."

కర్టెను అవతల రుబీనా అదే మాట గొంతెత్తి అంది.

భయం వేయలేదు. ఎందుకు వేయలేదో ఇప్పటికీ ఆశ్చర్యమే. తల తిప్పి చూశాను. కుర్చీ ఖాళీగానే ఉంది. నాలుగూ పదిహేను. బయటికి వచ్చి రుబీనాను పట్టుకుని, "నన్ను మాఫ్ చెయ్యి. నాక్కూడ ఇనబడ్డది" అన్నాను. ఆమె నా చెయ్యి వదల్లేదు. ఇద్దరం ఆ బల్ల మీద కూర్చుని, కింద కర్రీ పాయింట్ వాళ్లు గిన్నెలు కడుగుతున్న చప్పుడు వింటూ చాలాసేపు ఉండిపోయాం.

ఆ సాయంత్రమే పాత నాటకం ఫోటోల కోసం నరహరి సార్ కొడుక్కి ఫోన్ చేశాను. బట్టలు ఎలా ఉండేవో చూడాలని అంతకుముందే అనుకున్న పని. గొంతు సంగతి ఆయనకు చెప్పలేదు. ఆయన, "మా దగ్గర ఏం లెవ్వమ్మా. జహంగీర్ సాబ్ దగ్గర ఉంటయేమో. మా నాయిన నాటకాలకు ఆయనే ప్రాంప్టర్. పంజాగుట్టల దవాఖాన్ల ఉన్నడని విన్న" అన్నాడు. జహంగీర్ సాబ్ కూతురి నంబరిచ్చాడు.

ప్రాంప్టర్ అన్న మాటను నోట్‌బుక్‌లో రాసుకుని, కింద రెండు గీతలు గీశాను.

గురువారం వాసు గారు ఊళ్లోకి వచ్చారు. ఆయన్ని రుబీనాతో హాల్లో ఉండమని, నేను మెట్రో ఎక్కి ఒక స్టేషను అవతల పంజాగుట్టలో దిగాను. ఫ్లైఓవరు కింద ట్రాఫిక్‌ను దాటి హాస్పిటల్‌కి చేరేసరికి నాలుగు కావస్తోంది. చూడటానికి వచ్చేవాళ్లను వదిలేది నాలుగు నుంచి అయిదు వరకే.

జహంగీర్ సాబ్ కూతురు షహనాజ్‌కు నా వయసే ఉంటుంది. ఆయన మంచం మీద ఒక పక్కకు ఒరిగి ఉన్నారు. తెల్ల గడ్డం, సన్నటి మనిషి. పక్షవాతం వచ్చి మూడు వారాలైందనీ, కుడిచెయ్యీ, మాటా పడిపోయాయనీ ఆమె చెప్పింది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ మమ్మల్ని చూడటం లేదు.

"నలభై ఏండ్లు ఒకలకు మాటలు అందించిండు మా అబ్బా. ఇప్పుడు ఆయనకే మాట లేదు" అంది షహనాజ్. తర్వాత కొంచెం సిగ్గుపడుతున్నట్టు, "సోమవారం సంది ఒకటి చేస్తుండు మేడమ్. నేనొచ్చి కూసున్న కాసేపటికి పెదవులు ఆడిస్తడు. గొంతు రాదు. డాక్టరును అడిగితే, గీ జబ్బుల గట్లయితది, దానికి అర్థముండదు అన్నరు" అంది.

నోట్‌బుక్ తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

నాకు పెదవులు చూసి మాట చదవడం రాదు. కానీ మాటలు రాసేదాన్ని కాబట్టి ఒకటి తెలుసు. ప, బ, మ పలకాలంటే పెదవులు కలవాల్సిందే. నాలుగూ పదిహేడుకి ఆయన ఛాతీ చిన్నగా లేచింది. పెదవులు కదిలాయి. అవి కలిసినప్పుడల్లా ఒక గీత గీశాను. నాలుగుసార్లు కలిశాయి. ఆగారు. మళ్లీ రెండుసార్లు. అంతే, నోరు మూసుకున్నారు. అలసిపోయినట్టు కళ్లు వాల్చారు.

అయిదు నిమిషాల్లో రుబీనా దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. ఆ రోజు మాట: "పాలు లేక బిడ్డ పెదవులు పగిలినయ్. మీ కోట పగిలితే నాకేంది?"

లెక్కపెట్టాను. పాలు, బిడ్డ, పెదవులు, పగిలినయ్. నాలుగు. మీ, పగిలితే. రెండు.

యాదృచ్ఛికం కావచ్చు. అలాగే అనుకోవాలని చాలా ప్రయత్నించాను. వాసు గారు ఆ రిహార్సల్‌ను ఫోన్‌లో వీడియో తీశారు. అందులో గుసగుస లేదు. రుబీనా ఆగడం, తల పక్కకు వంచడం, మాట అనడం ఉంది. వీడియోలో టైము నాలుగూ పదిహేడు.

షహనాజ్‌తో దాచలేకపోయాను. వరండాలోకి తీసుకెళ్లి అంతా చెప్పాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూడలేదు. "మా అబ్బా పేటీల ఒక కితాబ్ ఉన్నది. ఎవర్ని ముట్టనియ్యకపోతుండె" అంది. ఇల్లు దగ్గరే, వెనక గల్లీలో. వెళ్లి గంటలో తెచ్చింది. అప్పటికి రుబీనా కూడా వచ్చింది. ముగ్గురం క్యాంటీన్‌లో కూర్చున్నాం.

బట్ట అట్ట వేసిన పొడుగాటి పుస్తకం అది. తెరిస్తే అంతా ఉర్దూ అక్షరాలు.

"అబ్బాకు తెలుగు మాట్లాడొస్తది, సదువరాదు. సారు నాటకం సదువుతుంటే ఆయన ఉర్దూల రాసుకునేటోడు. మాట తెలుగే, అక్షరం ఉర్దూ. నాకు ఉర్దూ రాదు, నేను తెలుగు మీడియం" అంది షహనాజ్.

అంటే ఆ నాటకం వేసిన వాళ్లలో ఆ పుస్తకం చదవగలిగిన మనిషి ఆయనొక్కరే. మా ముగ్గురిలో రుబీనా ఒక్కతే. వాళ్ల నానమ్మ దగ్గర నేర్చుకుందట.

ఆమె వేలు పెట్టి కుడి నుంచి ఎడమకు చదువుతూ పోయింది. ఉర్దూ రాతలో గుణింతాలు సగం ఉండవు కాబట్టి ఒక్కో మాటా రెండు మూడు రకాలుగా పలికి, సరైనది దొరికితే తల ఊపేది. నాటకం మొత్తం అచ్చు ప్రతిలాగే ఉంది. దూకే మాట ఉంది. దాని తర్వాత ఒక గీత కొట్టి, మళ్లీ రాత ఉంది. పైన ఒకే ఒక్క మాట. రుబీనా చదివింది: "అస్లీ." అంటే అసలుది.

దాని కింద మొదటి మాట చదవబోయి ఆగిపోయింది. నా వైపు చూసింది. ఆమె చూపులోనే నాకు అర్థమైంది.

"దుంకను."

ఆ తర్వాత కాళ్లు వణకడం. ఆకలి. గడియ. బిడ్డ పెదవులు. మాట మాటకూ సరిపోతోంది. షహనాజ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రుబీనా పేజీ తిప్పబోతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆగు. ఇంక సదువకు. ఇంకో మాట ఉంటే రేపు ఎట్లనైనా వస్తది."

మిగిలింది ఒకే కాగితం. దాన్ని మడిచి, పిన్నీసు గుచ్చి, పుస్తకం షహనాజ్ చేతికిచ్చాం. రాత్రి తలగడ కింద పెట్టుకుని పడుకుంటానంది.

శుక్రవారం వాసు గారికి కూడా అంతా చెప్పాం. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఏంటండీ సునీత గారూ, ఇది మీరేనా మాట్లాడేది?" అన్నారు. అన్నారు గానీ, రెండు తెల్ల కాగితాలు తెచ్చి మాకు చెరొకటి ఇచ్చి, హాలుకు ఆ చివర ఒకరిని, ఈ చివర ఒకరిని కూర్చోబెట్టారు. వినబడింది రాయండి, ఒకరిదొకరు చూడకండి అన్నారు. ఆయన మధ్యలో నిలబడ్డారు.

నాలుగు దాటింది. రైళ్లు పోతున్నాయి. కర్టెను మీద నీడలు, మధ్యలో ఎండ, మళ్లీ నీడలు. నాలుగూ ఇరవై అయింది. వాసు గారు వాచీ చూసుకున్నారు. ఇక రాదేమోనని నాకు బెంగ పట్టుకుంది. ఆ బెంగ ఎవరి కోసమో నాకే తెలియలేదు.

నాలుగూ ఇరవై అయిదుకి ఆ ఊపిరి వినబడింది. ఆ రోజు గొంతు చాలా బలహీనంగా ఉంది. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య చాలా దూరం నడిచి వచ్చినట్టు ఉంది. నేను రాశాను. అటు చివర రుబీనా కూడా వంగి రాస్తోంది. వాసు గారికి ఏమీ వినబడలేదు. మా పెన్నులు ఒకేసారి కదలడం, ఒకేసారి ఆగడం మాత్రం చూశానని తర్వాత చెప్పారు.

ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. ముగ్గురం మెట్రో ఎక్కి పంజాగుట్ట వెళ్లాం. హాస్పిటల్ వరండాలో షహనాజ్ పిన్నీసు తీసింది. రుబీనా చదివింది.

"ఆ దివిటీ ఇటియ్యుండ్రి. పొయ్యి అంటువెట్టుకోవాలె."

మా రెండు కాగితాల మీదా ఉన్నది అదే.

వాసు గారు వరండాలో బెంచీ మీద కూలబడ్డారు. యుద్ధమంతా కోట గోడ మీద వెలిగిన దివిటీని ఆకలిగొన్న ఒక తల్లి కిందికి దింపి పొయ్యిలో పెడుతుంది. అదీ అసలు ముగింపు. నేను రాసిన దూకే సీను దాని ముందు నిలబడదని అక్కడే ఒప్పుకున్నాను.

ఇక్కడితో కథ సుఖంగా ముగియలేదు. నిర్మాతకు కొత్త ముగింపు చెప్పగానే, "హీరోయినే తలుపు తీస్తే ఎవరు చూస్తారండీ? దూకితేనే సినిమా" అన్నాడు. గొంతు సంగతి ఆయనకు చెప్పలేదు, చెప్పినా లాభం లేదు. దూకించకపోతే తప్పుకుంటానన్నాడు. వాసు గారు నన్ను బయటికి పిలిచి, "ఈ వయసులో నాకు దొరికిన సినిమా ఇది. నన్ను ఏం చెయ్యమంటారు?" అని అడిగారు. నా పేరు పడే మొదటి సినిమా కూడా అదే.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశారు. రాత్రంతా ఆ వీడియోనే మళ్లీ మళ్లీ చూశానన్నారు. "ఆ అమ్మాయి వింటున్నప్పటి మొహం చూశారా? అలా వినే మనిషిని నేను దూకమనలేను. దూకదు. అంతే."

నిర్మాత తప్పుకున్నాడు. ఆరు నెలలు ఏ పనీ జరగలేదు. తర్వాత వాసు గారి స్నేహితులు కొందరు కలిసి, కోటలూ గుర్రాలూ లేకుండా, ఒక గోడ సెట్టు వేసి చిన్నగా తీద్దామన్నారు. అలాగే తీశాం. ఇప్పుడు ఎడిటింగ్ నడుస్తోంది.

ముగింపు మార్చే ముందు నరహరి సార్ కొడుకు అనుమతి అడిగాం. ఆ కాగితాలు చదివి వినిపిస్తే ఆయన ఇంకోసారి చదవమన్నాడు. "మా నాయిన గిట్ల రాసెటోడు కాదు" అన్నాడు. నేను కాగితాలు మడవబోయాను. "కానీ ఇంట్ల గిట్లనే మాట్లాడెటోడు" అన్నాడు. అది సార్ మొదట రాసి, జనం కోసం మార్చిందా, లేక జహంగీర్ సాబ్ తనే రాసుకున్నదా అన్నది ఎవరూ తేల్చలేకపోయారు. సినిమాలో ఇద్దరి పేర్లూ వేస్తున్నాం.

ఆ శుక్రవారం తర్వాత హాల్లో గొంతు వినబడలేదు. జహంగీర్ సాబ్ పెదవులు కదలడం కూడా ఆ రోజుతోనే ఆగిపోయిందని షహనాజ్ చెప్పింది. ఆయన కోలుకుని ఇంటికి వచ్చారు. ఎడమ చేత్తో అన్నం తింటారు, మనుషుల్ని గుర్తుపడతారు. మాట మాత్రం రాలేదు.

షూటింగు మొదలయ్యే ముందు రుబీనా, నేను వాళ్లింటికి వెళ్లాం. మధ్యాహ్నం పూట. చిన్న గది, ఆకుపచ్చ గోడలు. ఆయన్ని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. రుబీనా ఆయన ఎదురుగా నిలబడి, "చాచా, తప్పు పోతే మాఫ్ చెయ్యుండ్రి" అని చివరి సీను మొత్తం వినిపించింది. ఆయన కళ్లు ఆమె నోటి మీదే ఉన్నాయి. ఎక్కడా తడబడలేదు ఆ పిల్ల. పొయ్యి మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లలోంచి నీళ్లు కారి గడ్డంలోకి పోయాయి.

సీను అయిపోయింది. షహనాజ్ చేతిలో టీ కప్పుల ట్రే అలాగే ఉంది.

అప్పుడు మా వెనక నుంచి, తలుపుకు వేలాడుతున్న పరదా వైపు నుంచి, ఆ ఊపిరి వినబడింది. ఆయన మా ఎదురుగా ఉన్నారు. పెదవులు మూసే ఉన్నాయి. నేను ఆయన్నే చూస్తున్నాను. గుసగుస మాత్రం వెనక నుంచి వచ్చింది. ఏ పుస్తకంలోనూ లేని మాట. నాటకం అయ్యాక తెర లాగే మనిషికి ప్రాంప్టర్ చెప్పే మాట.

"ఇగ పర్దా ఎయ్యుండ్రి."

రుబీనా విన్నది. నేను విన్నాను. ఈసారి షహనాజ్ కూడా విన్నది. ట్రే కింద పెట్టేసి, తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని, "అబ్బా... అబ్బా గొంతే గది. గట్లనే ఉంటుండె" అని ఏడ్చింది. ఆయన ఎడమ చెయ్యి లేపి ఆమె తల మీద పెట్టారు.

నేను చాలా లెక్కలు వేసుకున్నాను. రుబీనా ఆ పుస్తకాన్ని ముందే చూసి ఉంటుందా అంటే, షహనాజ్‌ను ఆమె హాస్పిటల్‌లోనే మొదటిసారి చూసింది. నాటకం ఆఖరుసారి ఆడేనాటికి ఆమె పుట్టలేదు. నేను చిన్నప్పుడు ఎక్కడైనా విన్నానా అంటే, ఆ ముగింపును ఏ స్టేజీ మీదా ఎవరూ ఆడలేదు. మగతలో భ్రమ అనుకుంటే, భ్రమ ముగ్గురికి ఒకే మాట ఎలా చెప్పింది?

జహంగీర్ సాబ్‌ను ఒకసారి అడిగాను కూడా. "చాచా, మీరేనా?" అని. ఆయన నన్ను చూసి నవ్వారు. అది అవునో, కాదో, లేక ఎవరీ పిచ్చిది అనో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

దయ్యాలను నేను ఇవాళ కూడా నమ్మను.

కానీ నేను రాసింది ఎవరైనా చదివి వినిపిస్తుంటే మాత్రం, అయిపోయాక వెంటనే లేవలేకపోతున్నాను. వెనక నుంచి ఎవరైనా పర్దా వెయ్యమంటారేమోనని కాసేపు చెవి పెట్టి కూర్చుంటాను.